తాళాలత్త ఏ లిస్టులో ఉంది?

మనుషుల మధ్య ఐక్యత నిలబడాలంటే చేయాల్సిన పని ఒకటే. వాళ్ళను కలవనీయకూడదు!

నవ్వకండి. మాట వరసకు అంటున్నది కాదు. ఏడేళ్ళుగా మా చర్చి ఐక్యతా కమిటీకి కార్యదర్శిగా ఉన్నవాణ్ణి, అనుభవం మీద చెబుతున్నాను. ఈ ఏడేళ్ళలో మా సంఘంలో ఒక్క గొడవ లేదు. ఒకరి మీద ఒకరు పాస్టరు అయ్యగారికి ఆకాశరామన్న ఉత్తరాలు రాసుకోవడం లేదు. కారణం ఏమిటంటారా? మేము ఒకరి మొహం ఒకరు చూసి ఏడేళ్ళయింది.

అంతకుముందు మా పరిస్థితి తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఆదివారం అందరం ఒకే హాల్లో, ఒకేసారి కూర్చునేవాళ్ళం! నాలుగు వందల మంది. ఫ్యాక్టరీల్లో మిషన్లు నడిపేవాళ్ళు, ఆఫీసులు నడిపేవాళ్ళు, పొట్ట చేత పట్టుకుని వేరే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, పుట్టినప్పటి నుంచి అదే బెంచీ మీద కూర్చుంటున్నవాళ్ళు. ఇంతమంది నెత్తిన ఆరు ఫ్యాన్లు.

ఫ్యాన్ తిరిగితే ముందు వరసలో పెద్దవాళ్ళకు జలుబు. ఆగితే వెనక వరసవాళ్ళకు ఉక్క. ఒకాయన లేచి వేసేవాడు, ఒకావిడ లేచి ఆపేది. ప్రసంగం సగానికి వచ్చేసరికి స్విచ్ బోర్డు దగ్గర క్యూ కట్టేవాళ్ళు.

పాటల సంగతి చెప్పనే అక్కర్లేదు. రిటైరైన హెడ్మాస్టరుగారు ఒకరు మా సంఘ పెద్ద. ఆయన పాట ఎత్తుకున్నారంటే ఒక్కో అక్షరం దాటడానికి ఒక్కో ఆదివారం పడుతుంది. డ్రమ్స్ కొట్టే కుర్రకారేమో అదే పాటను మూడు నిమిషాల్లో ముగించి, చెమట తుడుచుకుని కూర్చునేవాళ్ళు. హెడ్మాస్టరుగారు అప్పటికి ఇంకా రెండో చరణంలో ఉండేవారు. కళ్ళు మూసుకుని పాడతారు కాబట్టి ఆ సంగతి ఆయనకు తెలిసేది కాదు.

ఇక పిల్లలు! మా బేకరీ ఓనరుకు నలుగురు. ఒకడు ఏడుపు ఆపితే ఇంకోడు అందుకునేవాడు. హెడ్మాస్టరుగారు వెనక్కి తిరిగి ఒక చూపు చూసేవారు, ముప్పై ఏళ్ళు క్లాసులో పనికొచ్చిన చూపు. దాంతో నలుగురూ కలిసి ఏడ్చేవాళ్ళు. బేకరీ ఓనరు మొహం కందగడ్డ అయ్యేది. ఆయన భార్య ఆ వారమంతా హెడ్మాస్టరుగారింటికి బన్నులు అమ్మేది కాదు.

ఇలాంటి సంఘాన్ని ఎవరు బాగుచేయగలరు? మేమే చేశాం! అయ్యగారు 'మనమంతా ఒకే కుటుంబం' అని ప్రసంగించిన మర్నాడే కమిటీ వేసుకుని, ఒక ఆరాధనను మూడు చేశాం. ఏడు గంటలకు నిదానంగా పాడేవాళ్ళు. తొమ్మిదింటికి పిల్లలున్నవాళ్ళు. పదకొండింటికి డ్రమ్స్‌వాళ్ళు. ఏడింటివాళ్ళకు హెడ్మాస్టరుగారు, తొమ్మిదింటివాళ్ళకు బేకరీ ఓనరు, పదకొండింటివాళ్ళకు నేను బాధ్యులం. నాకు డ్రమ్స్ ఇష్టమనుకునేరు. ఆదివారం పదింటికి ముందు నేను లేవలేను.

ఒక ఆరాధనకూ ఇంకో ఆరాధనకూ మధ్య అరగంట ఖాళీ ఉంచాం. మొదట్లో పావుగంటే ఉండేది. ఒక ఆదివారం ఏడింటివాళ్ళూ తొమ్మిదింటివాళ్ళూ మెట్ల మీద ఎదురుపడ్డారు. బాగున్నారా అంటే బాగున్నారా అనుకున్నారు. అక్కడితో ఆగారా? వ్యవహారం ఎవరి గొడుగు ఎవరు తీసుకెళ్ళారన్న దాకా వెళ్ళింది. ఆ తర్వాత లోపలికి రావడానికి పక్క గేటు, బయటికి వెళ్ళడానికి ముందు గేటు అని తీర్మానించాం. అప్పటి నుంచి అందరి గొడుగులూ క్షేమం.

వాట్సాప్‌లో మూడు ఆరాధనలకు మూడు గ్రూపులున్నాయి. వీటికి తోడు అందరికీ కలిపి 'ఒకే కుటుంబం' అని నాలుగో గ్రూపు. అందులో అడ్మిన్ తప్ప ఇంకెవరూ మెసేజ్ పెట్టలేరు. అడ్మిన్‌ని నేనే. ఏడేళ్ళలో ఒక్క చేదు మాట లేదు! ఇంత ప్రశాంతమైన కుటుంబం మీకు ఎక్కడైనా కనిపించిందా?

అలాగని మా మధ్య ప్రేమ లేదనుకోకండి. ఏడింటివాళ్ళు పదకొండింటివాళ్ళ మారుమనస్సు కోసం ప్రతి శుక్రవారం ఉపవాసం ఉంటారు. పదకొండింటివాళ్ళు ఏడింటివాళ్ళ మీద ఆత్మ దిగిరావాలని మైకులో ప్రార్థిస్తారు. తొమ్మిదింటివాళ్ళు ఇద్దరి కోసమూ జాలిపడతారు. ఒకరి గురించి ఒకరం ఇంతగా దేవుడితో మాట్లాడుకునే సంఘం ఇంకోటి ఉండదు. దేవుడితోనే అనుకోండి.

మధ్యలో ఒకసారి ఏడింటివాళ్ళమ్మాయీ పదకొండింటివాళ్ళబ్బాయీ ఇష్టపడ్డారు. రెండు వైపులా పెద్దవాళ్ళు మంచం పట్టారు. "పిల్లాడు మంచివాడే, కానీ పదకొండింటికి లేస్తాడట" అని అమ్మాయి తల్లి నా దగ్గర కళ్ళు ఒత్తుకుంది. చివరికి పెళ్ళి మధ్యాహ్నం రెండింటికి జరిపించాం, ఎవరిదీ కాని వేళలో. ఇప్పుడు భార్య ఏడింటికి వస్తుంది, భర్త పదకొండింటికి వస్తాడు. కాపురం చల్లగా సాగుతోంది.

ఇంత చక్కటి ఏర్పాటుకు ఒకే ఒక్క మనిషి అడ్డం వచ్చింది. ఆమె సంగతి చెప్పడానికే ఈ కాలమ్.

ఆమెను చిన్నా పెద్దా అందరూ తాళాలత్త అంటారు. నడుముకు కట్టుకున్న తాడుకు పదిహేను తాళంచెవులు వేలాడుతుంటాయి. ఆరున్నరకల్లా వచ్చి గేట్లు తీస్తుంది, బెంచీలు తుడుస్తుంది, చివరి ఆరాధన అయ్యాక అన్నీ మూసి వెళ్తుంది. ఈ మధ్యలో ఊరికే ఉండదు. వెనక బెంచీలో కూర్చుని మూడు ఆరాధనల్లోనూ పాడుతుంది. ఏడింటికి హెడ్మాస్టరుగారితో పాటు సాగదీస్తుంది, పదకొండింటికి డ్రమ్స్‌తో పాటు పరిగెడుతుంది. చూశారా ఎంత నిలకడలేని మనిషో!

నెలలో మొదటి ఆదివారం మా దగ్గర బల్ల ఉంటుంది. అంటే ప్రభువు బల్ల. ఓ రొట్టె ముక్క, ఓ గుక్క ద్రాక్షరసం. బాప్తిస్మం పొందినవాళ్ళంతా ముందుకు వెళ్ళి తీసుకుంటారు. ఐక్యతకు అదే గుర్తని అయ్యగారు చెబుతారు. ఆ గుర్తును కూడా మేము మూడు రకాలుగా చేశాం. ఏడింటివాళ్ళు అందరూ ఒకే వెండి గిన్నెలోంచి తాగుతారు. తొమ్మిదింటివాళ్ళకు చిన్న చిన్న గాజు కప్పులు. పదకొండింటివాళ్ళకు మూత సీలు వేసిన ప్లాస్టిక్ కప్పులు. అవి తెరిచేటప్పుడు ప్రార్థన వినపడదు.

మరి ఏ ఆరాధనకు ఎన్ని కప్పులు సర్దాలి? అందుకని ఈ ఏడాది మొదట్లో ఒక ఫారం అచ్చు వేయించాం. పేరు, చిరునామా, మూడు గడులు. 'ఒక సభ్యుడికి ఒకటే ఆరాధన' అని పైన పెద్దక్షరాలు. ఏదో ఒక గడిలో టిక్కు పెట్టాలి. దాన్నిబట్టి మూడు లిస్టులు తయారవుతాయి. లిస్టులో పేరున్నవాళ్ళకే ఆ ఆరాధనలో బల్ల.

తాళాలత్త మూడు గడుల్లోనూ టిక్కు పెట్టింది.

కంప్యూటరు ఆ ఫారం తీసుకోలేదు. పిలిచి చెప్పాను, "అత్తా, ఒక్కదాన్లోనే పెట్టాలి."

"మూడింటికీ వస్తాను కదా నాయనా."

"తలుపు తీయడానికి వస్తావు. అది డ్యూటీ. నేనడిగేది ఆరాధన సంగతి."

"డ్యూటీలో ఉండగా పాడిన పాట దేవుడికి వినపడదా?"

ఇలాంటి ప్రశ్నలకు ఫారంలో చోటు లేదు. "ఏదో ఒకటి ఉంచుకుని, మిగిలిన రెండూ కొట్టేయి అత్తా" అన్నాను.

ఆమె ఫారంలో ఒక్కో గడి మీదా వేలు పెట్టింది. "ఏది కొట్టేయమంటావు? ఏడింటికి వచ్చే పెద్దమ్మలను చెయ్యి పట్టుకుని మెట్లెక్కించేది నేనే. తొమ్మిదింటికి బేకరీ ఆయన చిన్నోడు నా ఒళ్ళో తప్ప పడుకోడు. పదకొండింటి పిల్లలు కొత్త పాట కడితే ముందు నాకే వినిపిస్తారు. ఎవర్ని వద్దనుకోను నాయనా?"

జవాబు దొరకని కాగితాలకు కమిటీ దగ్గర ఒక చోటుంది. ఫారాన్ని పెండింగ్ ఫైల్లో పెట్టాను.

ఆ నెల బల్లకు ఆమె ఏడింటి వరసలో నిలబడింది. హెడ్మాస్టరుగారు లిస్టు చూసి, ఎంతో మర్యాదగా, "నీ పేరు తొమ్మిదింటివాళ్ళ దగ్గర ఉండి ఉంటుందమ్మా" అన్నారు. తొమ్మిదింటికి బేకరీ ఓనరు, "అత్తా, నిన్ను పదకొండింటివాళ్ళు రాసుకుని ఉంటారు" అన్నాడు. పదకొండింటికి నేను లిస్టు పైనుంచి కిందకు రెండుసార్లు చూసి, "నువ్వు ఎప్పటి నుంచో ఏడింటిదానివి కదత్తా" అన్నాను.

గమనించారా? ముగ్గురిలో ఒక్కరు కూడా ఆమెను కాదనలేదు. ఒకరినొకరం గౌరవించుకుని ఆమెను పక్కవాళ్ళకు వదిలేశాం. ఐక్యత అంటే ఇంతకన్నా ఏముంటుంది?

ఆరాధనలన్నీ అయ్యాక ఆమె ఎప్పటిలాగే వెండి గిన్నె తోమింది, గాజు కప్పులు కడిగింది, ప్లాస్టిక్ కప్పులు ఏరి బయట పడేసింది.

రెండో నెలా అంతే. మూడో నెలా అంతే. మూడో నెల ఆఫీసు గది తలుపు దగ్గరకు వచ్చి నిలబడింది. ఏదో తుడవడానికి వచ్చిందనుకున్నాను.

"నాయనా, నాకు పదహారో ఏట బాప్తిస్మం ఇచ్చారు. అప్పట్నుంచీ ఒక్క నెల కూడా బల్ల మానలేదు. మా ఆయన్ని మట్టిలో పెట్టిన వారం కూడా మానలేదు. ఆ వారమే ఇంకా ఎక్కువ కావాల్సొచ్చింది. ఇప్పుడు మూడు నెలలైంది. అందరూ తీసుకుంటుంటే వెనక కూర్చుని చూడ్డం కష్టంగా ఉంది. ఏదో ఒకటి చెయ్యవా?"

నేను రాతిగుండెవాణ్ణి కాను. వెంటనే డైరీ తీసి రాసుకున్నాను. వచ్చే మీటింగ్ అజెండాలో పద్నాలుగో అంశంగా చేర్చాను. పదమూడో అంశం ఐక్యతా ఆదివారం. దాని దగ్గరే మీటింగ్ టైమ్ అయిపోయింది.

అవునండీ, ఐక్యతా ఆదివారం! ఏడేళ్ళు ఇంత ఐక్యంగా ఉన్నాం కదా, దాన్ని పండగలా జరుపుకోవాలని అయ్యగారికి కోరిక పుట్టింది. మూడు ఆరాధనలవాళ్ళం ఒక్క ఆదివారం కలిసి కూర్చోవాలట. కమిటీలో మా గుండెలు గుభేలుమన్నాయి. కానీ కాదంటే ఐక్యతకు వ్యతిరేకమని పేరొస్తుంది.

టైమ్ ఎప్పుడు? ఏడు, తొమ్మిది, పదకొండు కూడి మూడుతో భాగిస్తే తొమ్మిది వస్తుందని హెడ్మాస్టరుగారు లెక్క వేసి చూపించారు. అలాగైతే తొమ్మిదింటివాళ్ళు గెలిచినట్టవుతుంది. అందుకని పది గంటలు పెట్టాం. అందరికీ సమానమైన అసౌకర్యం. ఆ రోజు బల్ల కూడా ఉంది. వెండి గిన్నె, గాజు కప్పులు, ప్లాస్టిక్ కప్పులు మూడూ పెట్టాలనీ, లిస్టుల ప్రకారం మూడు వరసలు కట్టాలనీ నిర్ణయమైంది. ఆ సమయంలో తాళాలత్త మాకు టీ అందిస్తోంది. నాలుగో వరస మాట ఎవరమూ ఎత్తలేదు.

ఆ ఆదివారం పదింటికి నాలుగు వందల మందిమి చర్చికి వచ్చాం. ముందు గేటుకు తాళం. పక్క గేటుకు తాళం.

పదీ పదిహేనైంది. ఏడేళ్ళ తర్వాత మొదటిసారి అందరం ఒకే వీధిలో ఎండలో నిలబడ్డాం. అయినా పద్ధతి తప్పలేదు. గోడ నీడలో ఏడింటివాళ్ళు, ఎదురుగా షాపు మెట్ల మీద తొమ్మిదింటివాళ్ళు, కార్ల పక్కన పదకొండింటివాళ్ళు. హెడ్మాస్టరుగారు గొడుగు గట్టిగా పట్టుకున్నారు.

అయ్యగారు తాళాలత్తకు ఫోన్ చేశారు. స్విచాఫ్. ఆయన మొహంలో కంగారు కనిపించింది. "ఏనాడూ ఇలా చెయ్యలేదు. ఒంట్లో బాగాలేదేమో. ఎవరైనా ఇంటికి వెళ్ళి చూసి రండి. ఇల్లు ఎక్కడ?"

ఏడింటివాళ్ళు తొమ్మిదింటివాళ్ళ వైపు చూశారు. తొమ్మిదింటివాళ్ళు మా వైపు చూశారు. మేము ఏడింటివాళ్ళ వైపు చూశాం.

"తెలీదండీ" అన్నాం.

పాఠకులారా, ఆ క్షణాన్ని నేను మరచిపోలేను. పాట ఎత్తుకుంటే మూడు వేగాలుగా పాడే సంఘం, ఏడేళ్ళలో మొదటిసారి ఒకే మాట ఒకే గొంతుతో పలికింది!

నిజానికి ఆమె చిరునామా నా దగ్గరుంది. ఫారంలో రాసింది. ఫారం పెండింగ్ ఫైల్లో ఉంది. ఫైలు ఆఫీసు గదిలో ఉంది. ఆఫీసు తాళంచెవి ఆమె నడుముకుంది.

పదీ ముప్పావుకు ఆమె వీధి మలుపులో కనిపించింది. మామూలుగానే నడిచి వస్తోంది. గుంపును చూసి కాస్త అడుగు వేగం పెంచింది.

"ఏమైందమ్మా? ఒంట్లో బాగానే ఉందా?" అని అయ్యగారు ఎదురెళ్ళారు.

"బాగానే ఉన్నానయ్యగారూ. ఆలస్యమైంది, క్షమించండి." ఆమె తాళం తీస్తూనే చెప్పింది. "వెనక వీధిలో గోడౌన్ పక్కన రేకుల షెడ్డుంది కదా, అక్కడ ఓ పదిమంది ప్రార్థన చేసుకుంటారు. ఇవాళ వాళ్ళకి బల్ల. వెళ్ళి తీసుకుని వస్తున్నా."

హెడ్మాస్టరుగారు గొడుగు మూసి అడిగారు, "అక్కడ నీకు సభ్యత్వం ఉందా?"

"వాళ్ళు అడగలేదు మాస్టారూ. రామ్మా, కూర్చోమన్నారు." ఆమె గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి పక్కకు జరిగింది. "లోపలికి పదండి, ఎండగా ఉంది."

మేము వెళ్ళాం. మూడు వరసలు కట్టాం. అన్నీ అనుకున్నట్టే జరిగాయి.

మర్నాడు కమిటీ అత్యవసరంగా కూర్చుంది. ఇంత పెద్ద సంఘం ఒక్క మనిషి మీద ఆధారపడటం ప్రమాదం కాదా? అయ్యగారు ఆ రోజు ఊళ్ళో లేరు, అదీ కలిసొచ్చింది. ఒక్కో ఆరాధనకు ఒక్కో సెట్టు చొప్పున మూడు సెట్లు తాళంచెవులు చేయించాలని తీర్మానించాం. ఇక ఎవరి తలుపు వాళ్ళే తీసుకోవచ్చు. తాళాలత్తకు కృతజ్ఞతలతో విశ్రాంతి. డ్యూటీయే లేదు కాబట్టి ఆమె ఏ లిస్టులో ఉండాలన్న ప్రశ్న కూడా లేదు. పద్నాలుగో అంశం చర్చించకుండానే పరిష్కారమైపోయింది! మూడు చేతులూ లేచాయి. అందులో ఒకటి నాది.

తీర్మానం ఆమెకు చదివి వినిపించాను. ఆమె నడుముకున్న తాడు విప్పి, తాళంచెవుల గుత్తిని నా టేబుల్ మీద పెట్టింది. ఏ తాళంచెవి ఏ తలుపుదో ఒక్కొక్కటిగా చెప్పింది. నేను రాసుకున్నాను.

"తొమ్మిదింటి చిన్నోడికి నీళ్ళు పట్టకుండా పడుకోబెడితే మధ్యలో లేస్తాడు. వాళ్ళ నాన్నకు చెప్పు నాయనా" అని వెళ్ళిపోయింది.

తర్వాతి నెల మొదటి ఆదివారం తెల్లారగానే నాకు మెలకువ వచ్చేసింది. ఎందుకో తెలియదు. ఆ రేకుల షెడ్డులో లిస్టులు ఎలా నిర్వహిస్తారో పరిశీలించి కమిటీకి నివేదిక ఇవ్వాలనిపించింది. అందుకే వెళ్ళాను. ఇంకే ఉద్దేశమూ లేదు.

తలుపు తీసే ఉంది. పదిమందికి మించి లేరు. వెనక ఒక్కటే బెంచీ, దాని ఒక చివర హెడ్మాస్టరుగారు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి, "పాట వేగం ఎలా ఉంటుందో చూద్దామని" అన్నారు. రెండో చివర బేకరీ ఓనరు, తొమ్మిదింటివాళ్ళను భార్యకు అప్పగించి, చిన్నోణ్ణి ఎత్తుకుని ఉన్నాడు. "రొట్టె ఏ పిండితో చేస్తారో అని" అన్నాడు. చోటు ఇద్దరి మధ్యే మిగిలింది. కూర్చున్నాను. ముగ్గురి భుజాలూ తగిలాయి. ఈ సంగతి ఎక్కడా చెప్పకూడదని మారుమాట లేకుండా ఏకగ్రీవమైంది.

ముందు వరసలోంచి తాళాలత్త వెనక్కి తిరిగి చూసింది. చిన్నోడు చేతులు చాచాడు. ఆమె వచ్చి వాణ్ణి ఎత్తుకుంది.

అక్కడి పెద్దాయన రొట్టె పళ్ళెం పట్టుకుని మా దగ్గర ఆగాడు. మమ్మల్ని ముగ్గుర్నీ చూసి ఆమెను అడిగాడు, "వీళ్ళెవరమ్మా, కొత్తవాళ్ళా?"

ఎవరని చెబుతుంది? ఏ లిస్టులో రాస్తుంది?

"మావాళ్ళేనండీ" అంది తాళాలత్త. "వీళ్ళకీ ఇవ్వండి."

ఇంటికి రాగానే ఐక్యతా కమిటీ ఏడేళ్ళ మినిట్స్ పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి వెతికాను. తీర్మానాలు నూట పన్నెండున్నాయి. అన్నీ ఏకగ్రీవమే. ఫలానావాళ్ళు మావాళ్ళు అన్న మాట మాత్రం అందులో ఎక్కడా దొరకలేదు.